పోలమ్మ తెచ్చిన చిరుగుల వల

మా చిన్నప్పుడు అరుగు మీద నాన్న రేడియో పెట్టాడంటే వీధి వీధంతా మా ఇంటి ముందే... పిట్టలవానిపాలెంలో మా ఇల్లు. అవి బంగ్లాదేశ్ యుద్ధం రోజులు. పొద్దంతా కోతలు కోసి ఒళ్ళు హూనమైన వాళ్ళు కూడా కండువాలు దులుపుకుని వార్తలకి కూర్చునేవాళ్ళు.

వాళ్ళందరికీ అవి వార్తలు. మా మేనత్తకి మాత్రం ప్రాణసంకటం. ఆవిడ భర్త, అంటే మా మావయ్య, మిలటరీలో ఉన్నాడు. సరిహద్దుకి వెళ్తున్నానని ఒక్క కార్డు రాశాడు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు...

అత్తయ్య కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు! ఆవిడ అత్తారిల్లు తెనాలి. అక్కడుంటే ఉత్తరం పుట్టింటికి వచ్చిందేమోనని అనుమానం. ఇక్కడుంటే అక్కడికి వచ్చిందేమోనని బెంగ. బాపట్ల దాకా బస్సు, అక్కణ్ణుంచి తెనాలికి రైలు... రెండు రోజులు తిరక్కుండానే అదే సంచీతో మళ్ళీ మా గుమ్మంలో ప్రత్యక్షం. "మీ అమ్మాయి ఎక్కితే తప్ప ఆ రైలు కదలదా ఏంటి పిన్నీ?" అని ఇరుగుపొరుగు మా నాయనమ్మని ఆటపట్టించేవాళ్ళు. నాయనమ్మ నవ్వేది కాదు.

ఇంట్లో ఉన్నా అంతే. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేది. కిమ్మనకుండా తినేవాళ్ళం. వార్తలు మొదలవగానే చెవులు మూసుకుని దొడ్లోకి పరుగు... నిమిషం తిరక్కుండానే "ఏం చెప్పాడన్నయ్యా?" అంటూ మళ్ళీ అరుగు మీదికి. నాకప్పుడు పదేళ్ళు. నిజం చెప్పొద్దూ, ఆవిణ్ణి చూస్తే నాకు జాలి కంటే భయమే ఎక్కువ వేసేది.

మాకు చేపలు తెచ్చే మనిషి పోలమ్మ. సముద్రం ఒడ్డునున్న పల్లె నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఒకరోజు పోలమ్మ ఇంకా అరుగు మీద ఉండగానే, అత్తయ్య కడిగిన చేపముక్కలన్నీ పెంటదిబ్బ మీద పోసి, పొలుసు మాత్రం జాగ్రత్తగా గిన్నెలో పెట్టుకొచ్చింది!

"ఏంటమ్మా, అమ్మాయిగారికి ఒంట్లో బాలేదా?" అని పోలమ్మ అడిగితే నాయనమ్మ సంగతంతా చెప్పి కళ్ళొత్తుకుంది.

మర్నాడు పోలమ్మ తట్ట అడుగున ఓ పాత వల పెట్టుకొచ్చి అరుగు మీద పడేసింది.

"మగోళ్ళు సముద్రం మీదికి పోతే మేం ఒడ్డున నిలబడి ఎదురుచూడం తల్లీ, పిచ్చెక్కుద్ది. ఇంట్లో కూకుని ఇంకో వల బాగుచేస్తాం. మనిషొచ్చేసరికి పని సిద్ధంగా ఉండాలిగా! దీన్ని ఎలకలు కొరికేసినయ్. బాగుచేసి పెట్టు."

"రైతు ఇంట్లో వలేంటే! అరుగంతా నీసు కంపు!" అని నాయనమ్మ ముక్కు మూసుకుంది. అత్తయ్య మాత్రం వల ఒళ్ళోకి లాక్కుంది.

చెక్కసూదితో ముడి ఎలా వెయ్యాలో పోలమ్మ రెండుసార్లు చూపించి వెళ్ళింది. అత్తయ్య చూసిందో లేదో... నాన్న పంచెల చిరుగులు కుట్టినట్టే వల చిరుగులన్నీ అడ్డంగా, నిలువుగా దారంతో పూడ్చేసింది. నాలుగు రోజులు తలెత్తకుండా! చాప అల్లినట్టు అంత దట్టంగా వచ్చింది. నాయనమ్మ కూడా మెచ్చుకుంది.

పోలమ్మ వచ్చి చూసింది. తట్ట దించకుండానే పకపకా నవ్వింది.

"ఓరి నాయనో! నీళ్ళు పోవద్దా తల్లీ? ఇట్టా పూడ్చేస్తే చేపల్నే కాదు, సముద్రాన్ని కూడా పట్టుద్ది ఈ వల!"

అత్తయ్య బిత్తరపోయి వలని చూసింది, పోలమ్మని చూసింది... ఫక్కున నవ్వింది. నవ్వీ నవ్వీ, ఆ నవ్వులోనే భోరుమంది. అన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు. పోలమ్మ ఊరుకోమనలేదు. పక్కన కూర్చుని, పూడ్చిన దారాలు ఒక్కొక్కటే తెంపుతూ ఉండిపోయింది.

అప్పట్నుంచి అత్తయ్య తెనాలి ప్రయాణాలు మానేసింది. పోలమ్మ చేపలమ్ముకుని తిరిగి వెళ్తూ మా అరుగు మీద ఓ గంట ఆగేది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ముళ్ళు వేసేవాళ్ళు. యుద్ధం అయిపోయింది. ఊళ్ళో మిఠాయిలు పంచారు. ఉత్తరం మాత్రం రాలేదు... వల సగానికి వచ్చింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం కార్డు వచ్చింది. మావయ్య దస్తూరీ కాదు! అత్తయ్య దాన్ని ముట్టుకోలేదు. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని "నువ్వు చదవవే" అంది. నేను కూడబలుక్కుంటూ చదివాను.

'కుడిచేతికి దెబ్బ తగిలింది. ఆస్పత్రిలో పక్క మంచం తెలుగబ్బాయి చేత రాయిస్తున్నాను. ప్రాణానికేం భయం లేదు...'

ఆ చివరి ముక్క నాచేత ఏడెనిమిది సార్లు చదివించుకుంది.

వల పూర్తయ్యాక, దాంతో పాటు ఓ కొత్త చీర కూడా తీసుకుని అత్తయ్యా నేనూ పోలమ్మ పల్లెకి వెళ్ళాం. ఆమె మంచినీళ్ళకి వెళ్ళిందట. పక్కగుడిసె ఆవిడ మా చేతిలో వల చూసి "ఎంకన్న వల కదమ్మా ఇది!" అంది. ఎంకన్న పోలమ్మ మొగుడట. ఆరేళ్ళ కిందట వేటకెళ్ళాడట. పడవా రాలేదు, మనిషీ రాలేదు. ఇంట్లో మిగిలిన వల ఇదొక్కటేనట.

ఇంతలో పోలమ్మ బిందెతో వచ్చింది. వస్తూనే "మీ ఆయన ఎట్టా ఉన్నాడు తల్లీ? చెయ్యి నయమైందా?" అంది.

అత్తయ్య వలని ముందుకి చాపింది. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు పోలమ్మా?" అంది.

"నువ్వడగలేదుగా తల్లీ..." అంది పోలమ్మ, మామూలుగానే, బిందె దించుకుంటూ.

నిజమే. అన్ని రోజులు మా అరుగు మీద కూర్చున్న మనిషిని, నీకెవరున్నారని మాలో ఒక్కరమైనా అడగలేదు. ఈ వయసులో కూడా తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడు ఫోను తీస్తే చాలు... ఎక్కడో యుద్ధం, ఎక్కడో వరద, ఎవరింట్లోనో ఏడుపు. నేనూ అచ్చం మా అత్తయ్యలాగే ఆ గదికీ ఈ గదికీ తిరుగుతాను, మళ్ళీ ఫోను తీస్తాను. అరుగులూ లేవు, ఆగి కూర్చునేవాళ్ళూ లేరు.

మీ కష్టం విని, తన కష్టం చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషెవరైనా మీకూ గుర్తొస్తే రాయండి... కానీ ఆ మనిషి ఇంకా ఉండుంటే, ఇక్కడ రాయడం తర్వాత. ముందు వెళ్ళి అడగండి.