మూడు కంప్యూటర్లు, ఒక్క డిస్కు

వీధిలో అందరూ టైపు టీచరమ్మ అని పిలిచే ఆమె, రిటైరయ్యాక ముందుగదిలో మూడు పాత కంప్యూటర్లు పెట్టుకుని మనవరాళ్లకు టైపు నేర్పేది. వాటికోసం ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు ఒకటి కొంది. మొదటి కంప్యూటర్లో చక్కగా ఎక్కింది. రెండోది మాత్రం, డిస్కుతో వచ్చిన నంబరు ఇదివరకే వాడేశారంటూ మొరాయించింది. ఆమె కంపెనీకి ఫోన్ చేసింది.

"ఒక కాపీ ఒక్క కంప్యూటర్‌కేనండీ. మిగతావాటికి విడిగా కొనుక్కోవాలి," అన్నాడు అక్కడి ఉద్యోగి.

"నేను కొన్న నిఘంటువు ఇంట్లో అందరం చూసుకుంటాం బాబూ. మనిషికొకటి కొనమని ఎవరూ అనలేదే?"

"రూలు అంతేనమ్మా."

ఫోన్ పెట్టేయగానే పెద్ద మనవరాలు గొంతు తగ్గించి, "దొంగ నంబరు పెట్టేద్దాం అమ్మమ్మా, ఎవరు చూస్తారు?" అంది.

"ఎవరూ చూడకపోయినా నాకు తెలుస్తుందిగా. వాళ్లకు జడిసి కొనను, దొంగతనమూ చెయ్యను."

ఎన్ని కంప్యూటర్లలోనైనా ఎక్కించుకోవచ్చని అనుమతించే ఉచిత సిస్టమ్ ఒకటుందని ఆమె వాకబు చేసి తెలుసుకుంది. రెండు వారాలు దానితో కుస్తీ పట్టింది. మొదటి కంప్యూటర్లో ఉన్న కంపెనీ సరుకును కూడా తుడిచిపారేసి, మూడింటిలోనూ కొత్తది తన చేత్తోనే ఎక్కించింది.

సంగతి తెలిసి పక్కింటావిడ తన కంప్యూటర్ మోసుకొచ్చింది. "నాకూ ఎక్కించి పెడతారా టీచరమ్మా?"

"పెట్టను, నేర్పిస్తాను. కూర్చో," అందామె.