పిన్ను దూరితే చాలన్నాడు

మెట్ల కింద చిన్న గదిలో ఇరవై ఆరేళ్లుగా ఆయన చార్జర్లూ, రేడియోలూ, వీడియో గేమ్ డబ్బాలూ బాగుచేస్తున్నాడు. వీధి వీధంతా ఆయన్ని ప్లగ్గుల మావయ్య అంటుంది. ఆయన మాటకి తిరుగులేదని పేరు. ఆ పేరంటే ఆయనకి లోలోపల మురిపెమే.

ఒక మధ్యాహ్నం పక్క సందులో బట్టలు కుట్టే ఆవిడ ఫోన్ చేసింది. ఆయన ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, సోల్డరింగ్ చేస్తూనే మాట్లాడాడు.

"మావయ్యా, మా తమ్ముడి గేమ్ డబ్బా అడాప్టర్ పాడైపోయింది. కొట్లో వేరేది ఉంది. కొననా?"

"ఓల్టులెన్ని?"

"పాతదానికీ దీనికీ పన్నెండే. ఆంపియర్లే దీనికి ఎక్కువ."

"ఎక్కువైతే ఏం కాదమ్మా. డబ్బా తనకి కావలసినంతే తీసుకుంటుంది. పిన్ను దూరితే చాలు, కొనేయ్."

సాయంత్రం ఆవిడ డబ్బాని, రెండు అడాప్టర్లతో సహా, పాత దుప్పట్లో చుట్టి తెచ్చింది. విప్పగానే గుప్పున మాడు వాసన. ఆయన అడాప్టర్లు రెండూ భూతద్దం కింద పెట్టాడు. పాతదాని పిన్ను లోపల మైనస్, బయట ప్లస్. కొత్తదానికి సరిగ్గా తలకిందులు. ఆ ఒక్క సంగతే ఆయన అడగలేదు.

"ఇందులో ఏముందమ్మా?"

"మంచం పట్టిన ఆరేళ్లూ వాడు ఇందులో ఓ ఊరు కట్టాడు మావయ్యా. వంతెనలు, బడి... నాకో కుట్టు దుకాణం కూడా. బోర్డు మీద 'బుల్లక్క' అని రాశాడు. వాడు పోయి నాలుగు నెలలు. ఇవాళే చూసే ధైర్యమొచ్చింది."

ఆయన మిగతా పనులన్నీ పక్కన పడేసి పదకొండు రోజులు దానితోనే కుస్తీ పట్టాడు. మాడిన భాగాల స్థానంలో వేరే డబ్బాలోంచి తీసినవి అతికించాడు. చివరికి తెర వెలిగింది. కానీ ఊరు దాచుకున్న చిప్పే కాలిపోయింది. తెర మీద ఖాళీ నేల, దాని మీద ఒక ప్రశ్న: కొత్త ఊరు మొదలుపెట్టాలా?

"తప్పు నాదేనమ్మా," అన్నాడు ఆవిడ రాగానే, తల దించుకుని. "ప్లస్సూ మైనస్సూ చూసుకోమని చెప్పాల్సింది."

ఆవిడ దుప్పటి చేతిలోకి తీసుకుంది.

"మీరు చెప్పారనే ఇంకెవర్నీ అడగలేదు మావయ్యా."

తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. ఆవిడ డబ్బాని అక్కడే వదిలేసి, దుప్పటి మడత పెట్టుకుని వెళ్లిపోయింది.

అప్పట్నుంచి ఫోన్లో ఎవరేమడిగినా ఒకటే జవాబు: "రెండూ పట్టుకురండి, చూసి చెప్తా." మావయ్యకి చాదస్తం ముదిరిందని జనం నవ్వుకుంటారు. చొక్కా కుట్టించాలంటే ఆవిడ దగ్గరికి భార్యని పంపుతాడు. కొలతలు తీసుకోవాలి రమ్మంటోందని భార్య చెబితే, పాతదే ఇంకొన్నాళ్లు తొడుక్కుంటానంటాడు.