సుక్కమ్మ కొసరు

అవునండీ, సుక్కమ్మ కథ నిన్న సగంలోనే ఆపేశాను కదా! తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఆమెది చిన్న మంగళారం అనే ఊరు. ముప్పై ఏళ్ళుగా మొయినాబాద్ రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముతోంది. తూకం అయ్యాక ఓ గుప్పెడు కొసరు వేయనిదే సంచి చేతికివ్వదు. నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల నుంచీ ఆమె దగ్గరే కొంటున్నాను.

ఆదివారం నేనక్కడ ఉండగానే వేణుమాధవ్ కారు దిగాడు. నా దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాడు. వెంట అమెరికా నుంచి వచ్చిన వాళ్ళ ఆఫీసు మేడం. చిల్కూరు గుడి చూసి వస్తున్నారట. ఆమె ఇరవై రూపాయల టమాటాలకు యాభై నోటిచ్చి, చిల్లర వద్దని చెయ్యూపింది.

సుక్కమ్మ ఊరుకుంటుందా? ముప్పై రూపాయల బెండకాయలు పోసింది. మేడం మురిసిపోయి ఇంకో యాభై ఇచ్చింది. ఈమె వంకాయలు, సొరకాయ వేసింది. నాకు నవ్వాగలేదు!

"ఇగ గంప గుడ ఇచ్చెయ్యవే సుక్కా!" అంది పక్కన కూర్చున్న పద్మమ్మ.

వేణుమాధవ్ తల పట్టుకున్నాడు. "అవ్వా, గది టిప్పు. వాళ్ళ దేశంల హోటల్ల తిన్నా, టాక్సీ ఎక్కినా పైన ఇయ్యాలె. ఇయ్యకుంటె మర్యాద గాదు."

"అన్ని దేశాల్ల గట్లనేనారా?" అన్నాను.

"లేదు టీచర్. జపాన్ల ఇస్తె ఎనక ఉరికొచ్చి వాపస్ ఇస్తరు."

"అయితె నేను జపాన్‌దాన్నే!" అంది సుక్కమ్మ.

కారు వెళ్ళిపోయాక చూస్తే కిలోరాయి కింద వంద నోటు!

ఆ నోటును సుక్కమ్మ ఇంతవరకు ఖర్చు పెట్టలేదు. "పంతులమ్మా, గామె నన్ను మెచ్చి ఇచ్చిందా, గరీబుదని ధర్మం జేసిందా?" అని ఇవాళ పొద్దున్నే అడిగింది.

"ఏదైతేంది సుక్కమ్మా, పైసలు పైసలే గద!" అన్నాను. అంతే, ఆమెకు కోపం వచ్చింది.

"ఫరక్ లేదా? మెచ్చి ఇస్తె దాసుకుంట. ధర్మమైతె నాకొద్దు. ఇన్నేండ్ల సంది రోడ్డు మీద గూసున్న గని, ఎవ్వరి ముంగట చెయ్యి సాపలే."

దీనికి జవాబు మేడమే చెప్పాలి. మేడం విమానం రేపేనట. అందుకే సాయంత్రం వేణుమాధవ్‌కు ఫోన్ చేస్తాను. వాడు ఏదో ఒకటి సర్ది చెబుతాడు, అది వద్దు. ఫోన్ మేడంకే ఇవ్వమంటాను. తెలుగు మీడియం పంతులమ్మనే, అయినా ఈ ఒక్క ప్రశ్నకు నా ఇంగ్లీషు సరిపోతుందిలెండి.