కొండ మీద వీడియో కాల్

ఈ రోజు కాల్గరీ నుంచి వెళ్లి మంచుకొండ ఎక్కాం. దారి చూపింది డెబ్బై ఏళ్ల రిటైర్డ్ డాక్టర్ శారద ఆంటీ. ఈమధ్యే చదువుకోవడానికొచ్చిన కిరణ్, శిఖరం దగ్గరపడగానే గ్లవ్స్ తీసేసి గుంటూరులో ఉన్న వాళ్లమ్మకు వీడియో కాల్ చేశాడు. మాట్లాడుతుండగానే వేళ్లు తెల్లబడ్డాయి.

ఆంటీ ఫోన్ లాక్కుని, చేతులు చంకల్లో పెట్టుకోమని వాణ్ని కసిరారు.

"కొండ నేను చూపిస్తా, చూడమ్మా!"

"మీరెవరండీ?" అందావిడ కంగారుగా.

"ఇక్కడ వీడి చెవి మెలిపెట్టేదాన్ని."

కొండంతా చూపించాక, కిరణ్ వేళ్ల కోసం అందరినీ అక్కణ్నుంచే వెనక్కి తిప్పారు. శిఖరం కనబడుతూనే ఉంది, అయినా ఒక్కరూ గొణగలేదు.

కెనడాలో మొదటి చలికాలం మీ చెవి మెలిపెట్టిందెవరు?