ఖంపేంగ్ పెద్దమ్మ చెంచా

మా ఖంపేంగ్ పెద్దమ్మ ముందుగా రుచి చూడకుండా ఈ భూమ్మీద ఎవరూ ఏదీ తినకూడదు. ఇది ఆవిడ పెట్టిన చట్టం. దాని అమలు కోసం నడుముకు చుట్టుకున్న లుంగీ మడతలో ఒక సత్తు చెంచా ఎప్పుడూ దోపుకునే ఉంటుంది. "ఉండు ఉండు" అన్న మాట మీ చెవిన పడిందంటే ఆ చెంచా అప్పటికే మీ గిన్నెలో దిగిపోయిందన్నమాట. మీరు తేరుకునేలోపు ఆవిడ చప్పరించేసి, "ఊఁ, ఇప్పుడు తిను" అని అనుమతి కూడా ఇచ్చేస్తుంది.

ఓసారి బస్టాండులో బ్యాంకాక్ నుంచి దిగిన పెద్దమనిషి ఒకాయన, ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చుని, నూడుల్స్ గిన్నె ముందు పెట్టుకున్నాడు. మా పెద్దమ్మ అటుగా పోతూ "ఉండు ఉండు" అంది.

"అమ్మా, ఇది నేను కొనుక్కున్నదండీ" అన్నాడాయన బిక్కమొహం వేసి.

"కొనుక్కున్నావు సరే, కాలిపోతోంది. ఊదుకుని తిను. అడుగున ఎముక ముక్కొకటి ఉంది, అది తీసెయ్."

ఆయన ఎముక ముక్క తీశాడు, ఊదుకున్నాడు, తిన్నాడు. పాపం ఇంకేం చేస్తాడు?

పెళ్ళయినా, చావయినా, గృహప్రవేశమయినా వంటలున్న చోట మా పెద్దమ్మ ఉండాల్సిందే. పళ్ళెం పళ్ళెం దగ్గరా ఆగి, "ఇది జిగురెక్కువ, గొంతులో పట్టుకుంటుంది", "ఈ చేపలో ముల్లుంది" అని తీర్పులిస్తూ పోతుంది. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. "అక్కా, నీది కడుపా, గాదెనా? జనం మనల్ని తిండిపోతులంటున్నారు" అనేది. "అననీ. మాటలకి ఉప్పూ కారం ఉంటాయా?" అనేది పెద్దమ్మ, చెంచా తుడుచుకుంటూ.

ఆవిడ చెంచాకి లొంగనిది ఒక్కటే, భిక్షువులకు పెట్టే భిక్ష. స్వాములకు పెట్టకముందు దాన్ని ఎవరూ ఎంగిలి చెయ్యకూడదు కదా. వాసన చూసినా పాపమేమోనని ఆవిడకి అనుమానం. అందుకని పొద్దున్నే వీధిలోకి స్వాములు రాగానే ఊపిరి బిగబట్టి నిలబడేది. భిక్షాపాత్రలో ముద్ద పెట్టేసరికి మొహం వంకాయ రంగులోకి తిరిగేది. పెద్దస్వామి ఆశీర్వచనం సగంలో ఆపి, "తల్లీ, ముందు ఊపిరి పీల్చుకో, పుణ్యం ఎక్కడికీ పోదు" అనేవారు.

ఆవిడకి బజారులో నూడుల్సు బండి ఉంది. ఎదురుగా వన్‌దీ అనే ఆవిడకి ఇంకో బండి. పెద్దమ్మ రోజూ వెళ్ళి వన్‌దీ పులుసు రుచి చూసి, "కాళ్ళు కడుక్కున్న నీళ్ళలా ఉంది" అని చెప్పి వస్తుంది. వన్‌దీకి ఇది అలవాటైపోయింది. ఒకరోజు పెద్దమ్మ రాకపోతే, "ఏమైంది, ఒంట్లో బాలేదా?" అని కబురు పంపింది.

ఇక నా సంగతి. నా పేరు తోన్. కండరాలు మెల్లమెల్లగా అరిగిపోయే జబ్బు నాది. మా అమ్మ వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది. మా సింగ్‌ఖామ్ మామయ్యకు వచ్చింది, తర్వాత నాకొచ్చింది. కాళ్ళు ఎప్పుడో సెలవు తీసుకున్నాయి, చక్రాల కుర్చీలో ఉంటాను. చేతులు గుండెల దాకా లేస్తాయి, ఆపైన మొరాయిస్తాయి. అమ్మో పెద్దమ్మో తినిపిస్తారు. నోరు మాత్రం, దేవుడి దయవల్ల, నలుగురికి సరిపడా ఉంది.

ఆ నోటికి తగ్గ పనే దొరికింది. భిక్షువుల వానాకాలం వ్రతం ముగిశాక మా ఊరి నాన్ నదిలో నాగుపాము తలలు చెక్కిన పడవల పందేలు జరుగుతాయి. మైకు ముందు కూర్చుని, "అదిగో ఎర్రతల నాగు ముందుకొచ్చింది, పచ్చతల నాగు నిద్రపోతోందా ఏంటి, తెడ్లెయ్యండర్రా, మీ పెళ్ళాలు చూస్తున్నారు!" అని గొంతు చించుకునేది నేనే. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఆ రోజుల కోసమే బతుకుతాను. ఆ మైకు ముందు నేను కుర్చీలో మనిషిని కాను, నది మొత్తానికి నేనే గొంతుని.

కానీ ఆ ఏడు ఒళ్ళు మొండికేసింది. పిక్కలు, నడుము ఉన్నట్టుండి కొయ్యలా బిగుసుకుపోయేవి. నిద్ర లేదు. అసలు పందేలకు ముందు జరిగే అభ్యాసపు పందెంలో మాట మధ్యలో నడుము పట్టేసి నోరు తెరుచుకునే ఆగిపోయాను. రెండు పడవలు గెలుపు గీత దాటేశాయి, ఏది ముందు దాటిందో చెప్పే నాథుడు లేడు. పందేల పెద్ద బున్‌థామ్ గారు వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"తోన్, ఈసారికి రేడియో కుర్రాణ్ణి పిలుద్దామా? నువ్వు విశ్రాంతి తీసుకుందువుగాని."

"పర్వాలేదండీ" అన్నాను నవ్వుతూ. లోపల మాత్రం ఎవరో నా మైకు వైరు పీకి పడేసినట్టయింది.

ఈ "పర్వాలేదు" మా వంశానికి పట్టిన రెండో జబ్బు. మా ఊళ్ళో అందరికీ మొహమాటమే, మా ఇంట్లో మరీనూ. కాలు తొక్కినవాడిని "మీ కాలికేం కాలేదు కదా" అని అడిగే రకం. ఒక్క పెద్దమ్మే దీన్నుంచి ఎలా తప్పించుకుందో ఎవరికీ అర్థం కాదు.

జిల్లా ఆసుపత్రిలో డాక్టర్ రవీవన్ నన్ను పరీక్షించి గంజాయి నూనె రాసింది. చిన్న చుక్కల సీసా.

"పోయిన కండ తిరిగి రాదు తోన్, ఆ ఆశ పెట్టుకోవద్దు. బిగుతు, నొప్పి తగ్గచ్చు, నిద్ర పట్టచ్చు. పడుకునే ముందు నాలుక కింద ఒక్క చుక్క. ఎలా ఉందో వచ్చి నిజం చెప్పు, దాన్నిబట్టి మెల్లగా పెంచుతాను. ఎక్కువైతే తల తిరుగుతుంది, నాలుక మొద్దుబారుతుంది. నీకు నాలుకే ముఖ్యం కదా."

"ఉండు ఉండు" అంది పెద్దమ్మ, చెంచా తీస్తూ.

"ఇది పులుసు కాదు పెద్దమ్మగారూ, మందు. ఎవరి మందు వాళ్ళే వేసుకోవాలి."

"నాకు కొత్తేంటమ్మా? మా అమ్మ కోడి పులుసులో గంజాయి ఆకు వేసేది. తిని అందరం పాటలు పాడుకునేవాళ్ళం."

"ఆకు వేరు, ఈ నూనె వేరు" అని డాక్టరమ్మ సీసాని మా అమ్మ చేతిలో పెట్టింది. పెద్దమ్మ ఆ సీసా వంక పిల్లి చేపను చూసినట్టు చూసింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ "ఎలా ఉంది?" అని అడిగింది. నిజానికి ఆ ఒక్క చుక్క నా నొప్పికి ఏ మూలకీ రాలేదు. కానీ బయట ఎంతమంది రోగులో, ఆవిడకి ఎంత పనో. "పర్వాలేదండీ, చాలా బాగుంది" అన్నాను. "అయితే ఇలాగే ఉంచుదాం" అందావిడ. ఆ తర్వాత వెళ్ళినా అదే ప్రశ్న, అదే జవాబు. పందేలు దగ్గరికొస్తున్నాయి, నా కళ్ళ కింద నల్లటి సంచులు వేలాడుతున్నాయి. పెద్దమ్మ నన్ను, సీసాని మార్చి మార్చి చూసేది.

ఒక మధ్యాహ్నం అమ్మ బట్టలారేస్తుంటే పెద్దమ్మ సీసా మూత తిప్పి చెంచాలో ఒంపుకుని చప్పరించేసింది. కాసేపు ఆగింది. "ఏం లేదు, గడ్డి వాసన" అని ఇంకోసారి ఒంపుకుంది. నోట్లో పడగానే పని చెయ్యడానికి అదేమైనా పచ్చిమిరపకాయా? ఆవిడ తాపీగా బండి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎండ వాలకముందే వన్‌దీ చెప్పులు చేతపట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "మీ అక్కకి ఏదో అయింది, త్వరగా రండి!"

"ఏమైంది?" అంది అమ్మ.

"నా పులుసు బాగుందంది!"

అమ్మ చేతిలో మడతపెడుతున్న బట్ట జారిపోయింది. "దేవుడా!"

"అంతేకాదు, తన పులుసులో ఉప్పు ఎక్కువైందని బజారంతా వినేలా ఒప్పుకుంది. గరిటెని పట్టుకుని నవ్వుతోంది. నన్ను కౌగిలించుకుంది కూడా. నాకు భయమేసింది."

ఆసుపత్రికి చేర్చేసరికి పెద్దమ్మ పైన తిరిగే పంకాతో కబుర్లు చెబుతోంది. నన్నూ కుర్చీతో సహా తీసుకెళ్ళారు. డాక్టర్ రవీవన్ గుండె, నాడి అన్నీ చూసి, ప్రమాదం లేదు, ఇక్కడే పడుకోబెట్టి కనిపెడతామంది. అప్పుడు నడుం మీద చేతులేసుకుంది.

"ఎంత పని చేశారు పెద్దమ్మగారూ! మందు ఇంట్లో ఇలా వాడితే నేను తోన్‌కి ఇది ఆపెయ్యాల్సి వస్తుంది. తెలుసా?"

ఉన్న ఒక్క దారీ మూసుకుపోతోంది, మైకు రేడియో కుర్రాడిదే ఇక.

పెద్దమ్మ బరువైన రెప్పలెత్తింది. "రుచి చూడకుండా వాడికెలా పెట్టనమ్మా? సింగ్‌ఖామ్‌కి అలాగే పెట్టాను."

మామయ్య పోయాక ఆవిడ ఆయన పేరెత్తడం మేం అంతకుముందు విననేలేదు. అమ్మ కూడా మంచం దగ్గరకి జరిగింది.

"మా తమ్ముడికి చేతులు లేచేవి కావు. నేనే తినిపించేదాన్ని. ఓ రోజు బండి దగ్గర జనం, ఒకటే తొందర. పొయ్యి మీంచి దించిన పులుసు దించినట్టే నోట్లో పెట్టాను. మింగాడు. బాగుందిరా అంటే, బాగుందక్కా అన్నాడు. ఇంకో చెంచా పెట్టాను, అదీ మింగాడు. గిన్నె మొత్తం ఖాళీ చేశాడమ్మా. సాయంత్రం చూస్తే నోరంతా బొబ్బలు! ఎందుకు చెప్పలేదురా సన్నాసీ అంటే, 'నువ్వు తొందరలో ఉన్నావు కదక్కా' అన్నాడు."

పెద్దమ్మ నా వైపు తల తిప్పింది.

"తోసెయ్యడానికి చేతులు లేవు, వద్దనడానికి మొహమాటం. వీడూ అదే వంశం. మీరు అడిగితే పర్వాలేదంటాడు. వీడికి ఒంట్లో ఎలా ఉందో వీడు చెప్పడు, కనీసం వీడి నోట్లోకి పోయేదేంటో నేనైనా తెలుసుకోవాలి కదా?"

"అది సరే అక్కా, ఊళ్ళోవాళ్ళ గిన్నెలెందుకు?" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"ఎవడికి మొహమాటమో మొహం మీద రాసి ఉంటుందా?" అంది పెద్దమ్మ విసుగ్గా.

బస్టాండులో పెద్దమనిషి గుర్తొచ్చాడు నాకు. కాలిపోతోంది, ఎముక ఉంది, ముల్లుంది, గొంతులో పట్టుకుంటుంది. ఇన్నేళ్ళూ రుచి చూస్తోందనుకున్నాం, ఆవిడ చూసింది రుచి కానే కాదు. మేమేమో తిండిపోతని పేరు పెట్టాం. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ మీద పిచ్చి ప్రేమొచ్చింది.

డాక్టర్ రవీవన్ నా వైపు తిరిగింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది, బయట రోగులెంతమంది ఉన్నా తనకి తొందర లేదన్నట్టు. "తోన్, ఇప్పుడు చెప్పు. నిజంగా ఎలా ఉంది?"

"పర్వా..." అన్నాను. మంచం మీంచి ఒక కన్ను తెరుచుకుంది. మిగిలిన రెండక్షరాలు గొంతులోనే ఆగిపోయాయి.

"నొప్పిగా ఉందండీ. చాలా నొప్పిగా ఉంది. నిద్ర లేదు. ఆ చుక్క సరిపోవట్లేదు."

"హమ్మయ్య!" అంది డాక్టరమ్మ. "ఈ మాట మొదటే చెప్పి ఉంటే నాకు ఎంత సాయమయ్యేదో తెలుసా? సరే, మందు ఆపను. మెల్లగా పెంచుతాను. సీసా మీ అమ్మ దగ్గర తాళం వేసి ఉండాలి. పెద్దమ్మగారి చెంచా గిన్నెల్లోనే తిరగాలి, సీసాల్లో కాదు."

"డాక్టరమ్మా, ఇది వేసుకుంటే మనిషి నిజాలు చెప్పేస్తాడు. వీడికి కాస్త ధారాళంగా వెయ్యండి" అంటూ పెద్దమ్మ నిద్రలోకి జారిపోయింది. మర్నాడు లేవగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఆ వన్‌దీతో నేనేమైనా అన్నానా?"

చుక్కలు పెరిగాయి, నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకసారి నాలుక మొద్దుబారితే అదీ చెప్పాను, డాక్టరమ్మ కొంచెం తగ్గించింది. జబ్బేం ఎటూ పోలేదు. కానీ పిక్కలు మునుపటంతగా పగబట్టడం మానేశాయి, రాత్రిళ్ళు కన్ను మూతపడింది. బున్‌థామ్ గారికి నేనే కబురు పెట్టాను. "రేడియో కుర్రాణ్ణి పిలవద్దండీ. ఆ మైకు నాది. ఇంకొకడు పట్టుకుంటే నాకు బాధేస్తుంది." నా జీవితంలో అంత మొహమాటం లేని మాట అదే. ఆయన రెండు నిమిషాల్లో ఒప్పేసుకున్నాడు.

పందేల రోజు నది రెండు గట్లూ జనం. పొద్దుట్నుంచి ఎర్రతల నాగుని, పచ్చతల నాగుని తిట్టి, పొగిడి, ఉసిగొల్పి మధ్యాహ్నానికి తెరిపి దొరికింది. పెద్దమ్మ పొగలు కక్కే గిన్నెతో నా మైకు డేరాలోకి వచ్చింది. నా ముందు కూర్చుని చెంచా నిండా తీసింది. అలవాటుగా తన నోటి దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఆగింది. మళ్ళీ నా వైపు తిప్పింది.

"నువ్వే చెప్పు" అంది.

పెదవికి తగలగానే, "అబ్బా, కాలుతోంది పెద్దమ్మా!" అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఊదింది. మళ్ళీ పెట్టింది. "ఇప్పుడో?"

"ఇప్పుడు వేడి సరిపోయింది. కానీ పెద్దమ్మా, ఉప్పు తక్కువైంది."

ఆ మాట నది మీద దొర్లుకుంటూ అవతలి గట్టుకు తగిలి, "తక్కువైంది... తక్కువైంది..." అంటూ తిరిగొచ్చింది. నేను మైకు ఆపనేలేదు. గట్ల మీద జనం గొల్లుమన్నారు. ఎక్కణ్ణుంచో వన్‌దీ గొంతు, "ఆ మాటే ఇంకోసారి అనవయ్యా!" అని కేకేసింది.

పెద్దమ్మ లుంగీ బిగించి మైకు లాక్కుంది. "ముప్పొద్దులా పొయ్యి ముందు చచ్చే నా చేతి పులుసుకి వంక పెడతావుట్రా వెధవా? ఉండు ఉండు!" అని చెంచా ముంచి చప్పరించింది. నది మొత్తం చెవులు రిక్కించింది. ఆవిడ ఇంకోసారి చప్పరించింది. నన్ను చూసి, నవ్వు దాచుకోలేక, మైకులోనే ఒప్పేసుకుంది.

"తక్కువే."

ఉప్పు తేవడానికి లేస్తూ నా బుగ్గ గట్టిగా గిల్లింది. "నొప్పి పెద్దమ్మా" అన్నాను. "మా నాన్నే!" అని మురిసిపోయి రెండో బుగ్గా గిల్లింది.