నెక్కొండ దాకా వెళ్ళిన తప్పు కొలత

వరంగల్లు నుంచి తిరిగి వస్తున్న రోజు, ప్యాసింజర్ బండిలో, విరేచనాలతో నీరసించిన ఒక పసివాడి తల్లికి నేను తప్పు చెప్పాను. సగం తెలుసు. మిగతా సగం కూడా తెలిసినట్టే మాట్లాడాను. నేను వెళ్ళిన సైన్సు సభల విశేషాలు మాత్రం రాసి ఈ సంగతి దాచేయవచ్చు. కానీ అది తీసేస్తే ఈ ప్రయాణంలో మీకు చెప్పదగ్గది పెద్దగా మిగలదు.

నేను ఖమ్మంలో హైస్కూలు సైన్సు టీచర్ని. ఒక వారపత్రికకు అప్పుడప్పుడు వ్యాసాలు రాస్తుంటాను. వరంగల్లులో ఒక కాలేజీలో రెండు రోజులపాటు కొత్త పరిశోధనల మీద ఉపన్యాసాలున్నాయని తెలిసి బయలుదేరాను. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కితే పదిన్నర దాటాక వరంగల్లులో దిగాను. మేడారం జాతర అప్పుడే ముగిసింది. స్టేషన్ బయట బస్సుల టాపుల మీద కూడా జనమే. నుదుట పసుపు, చేతిలో బెల్లం మూట లేని మనిషి కనబడలేదు. అమ్మవార్లకు ఇచ్చే బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు. లాడ్జీలన్నీ నిండిపోయాయి. సభలకే వచ్చిన మహబూబాబాద్ లెక్కల మాస్టారు నరహరిగారు మట్టెవాడలో తన మేనత్తగారి మేడమీది గదిలో నాకూ చోటిచ్చారు. జాతర రోజుల్లో వెళ్ళేవారు గది సంగతి ముందే చూసుకోవడం మంచిది.

మొదటి రోజు ఇద్దరు మాట్లాడారు. ఒకాయన కరిగిన లోహాన్ని రెప్పపాటులో చల్లార్చి దాన్ని గాజులాగా మార్చే పని చేస్తున్నాడు. లోహంలో పరమాణువులు వరుసలు కట్టుకునే వ్యవధి ఇవ్వకపోతే చెల్లాచెదురుగానే గడ్డకడతాయట. అలా చేసిన సన్నని రేకు ముక్కను అందరి చేతికీ ఇచ్చాడు. రెండో ఆయన వాతావరణం గురించి చెప్పాడు. మనం కాల్చే బొగ్గు, నూనెల వల్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు ఏటేటా పెరుగుతోందని, దానివల్ల భూమి వేడెక్కుతుందని అన్నాడు. "మరి మన వానల సంగతేమిటి?" అని నరహరిగారు అడిగితే, "ఇంకా తెలియదండీ, చూస్తున్నాం" అన్నాడు. అంత దూరం నుంచి వచ్చి తెలియదనడమేమిటని ఆ రాత్రి భోజనం దగ్గర నేను నవ్వాను. మెస్సులో పచ్చిపులుసు బాగుంది.

రెండో రోజు పొద్దున పిల్లల డాక్టరు ఒకాయన మాట్లాడాడు. చక్కెర తోడుంటే పేగులు ఉప్పునూ నీటినీ లోపలికి తీసుకుంటాయని, విరేచనాలతో నీరు పోయి చచ్చిపోయే పిల్లల్ని ఇంట్లోనే బతికించవచ్చని చెప్పాడు. అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల చక్కెర అని బోర్డు మీద రాశాడు. చక్కెర లేకపోతే బెల్లమైనా సరేనన్నాడు. నేను అప్పటికే వ్యాసానికి మొదటి వాక్యం అల్లుకుంటున్నాను. టీ ఇస్తున్నారని ఎవరో అంటే లేచి బయటికి నడిచాను. నీళ్ళ కొలత ఆయన నా వెనకాల చెప్పి ఉంటాడు.

పన్నెండు దాటాక బండెక్కాం. నరహరిగారు పైబల్ల మీద నిద్రపోయారు. ఎదురుగా జాతర నుంచి వస్తున్న అత్తాకోడళ్ళు కూర్చున్నారు. అత్త రాజమ్మ, కోడలు సరోజన. సరోజన ఒళ్ళో ఏడాదిన్నర కొడుకు, కళ్ళు గుంటలు పడి, పెదవులెండి ఉన్నాడు. నీళ్ళ చెంబు కనబడగానే చెయ్యి చాచాడు. రాజమ్మ చెంబును చీర కొంగు కింద దాచింది.

"నిన్నటిసంది మోషన్లు సారూ. నీళ్ళు తాపితే ఇంకింత పారుతది" అంది.

నాకు పొద్దుటి ఉపన్యాసం గుర్తొచ్చింది. నీళ్ళు ఆపడమే ప్రమాదమని చెప్పాను. అక్కడిదాకా సరిగ్గానే చెప్పాను. జామకాయల గంపతో వచ్చిన లచ్చమ్మ అనే ఆమె కూడా నిలబడి వింది. చుట్టుపక్కల నలుగురు మెడలు చాచారు.

"మీ దగ్గరున్న బంగారమే ఆరు చెంచాలు, అర చెంచా ఉప్పు" అన్నాను.

"ఎన్ని నీళ్ళల్ల సారూ?" అని సరోజన అడిగింది.

అంతమంది నా నోటివైపే చూస్తున్నారు. "ఒక గ్లాసు" అన్నాను.

"సారు సదువుకున్నోడు, ఇనుండ్రి" అంది లచ్చమ్మ, ఓ జామకాయ నా చేతిలో పెట్టి.

నెక్కొండలో అత్తాకోడళ్ళు దిగిపోయారు. వాళ్ళ ఇల్లు రైస్ మిల్లు వెనకేనట. ఇంటికన్నె దాటుతుండగా నరహరిగారు లేచారు. నా ఘనకార్యం చెప్పాను. ఆయన ముఖం తుడుచుకోవడం ఆపారు.

"గ్లాసా? లీటరు కదండీ. ఉప్పు ఎక్కువైతే ఉన్న నీరు కూడా పోతుంది, పిల్లవాడికి ప్రాణం మీదికొస్తుందని ఆయన రెండుసార్లు చెప్పాడు."

కేసముద్రంలో సంచీ ఆయనకు అప్పగించి దిగిపోయాను. వెనక్కి బండి సాయంత్రానికి గాని లేదు. మిరపకాయల బస్తాలతో వరంగల్లు మార్కెట్టుకు పోతున్న లారీ ఆపి, బస్తాల మీద కూర్చున్నాను. ఘాటుకు కళ్ళు మండుతూనే ఉన్నాయి. నెక్కొండ దారి మలుపులో దింపితే, అక్కడి నుంచి ఒకతని సైకిల్ వెనక ఎక్కాను.

టీ హోటల్లో అడిగాను. "మేడారంకెల్లి అచ్చినోళ్ళా? సగం ఊరు ఆడికెల్లే అచ్చింది" అన్నాడతను. రాజమ్మ పేరు చెబితే చెయ్యి చూపించాడు.

గుమ్మంలోనే రాజమ్మ ఎదురైంది. "మీరు జెప్పినట్టే కలిపినం సారూ. తాగినా కొద్ది దూప దూప అని ఒర్రుతాండు. రెండుసార్లు కక్కిండు." దాహానికి ఏడుస్తున్న పిల్లవాడి పక్కన, సరోజన చేతిలో స్టీలు గ్లాసు సగం ఖాళీగా ఉంది.

గ్లాసు తీసుకుని వాకిట్లో పారబోశాను. "నేను తప్పు చెప్పానమ్మా. గ్లాసు కాదు, లీటరు" అన్నాను.

సరోజన భర్త మొగిలి మిల్లులో హమాలీ. భుజాన తువ్వాలతో అప్పుడే వచ్చి నిలబడ్డాడు. అరవలేదు.

"తెల్వకపోతే తెల్వదనాలె గద సారూ" అన్నాడు. "మావోళ్ళు మిమ్ముల జూసి తాపిండ్రు."

దవాఖానకు పోదామన్నాను. మొగిలి పిల్లవాణ్ణి భుజాన వేసుకుని ముందు నడిచాడు, నేను వెనక. దవాఖానలో డాక్టరు నాలుక చూసి, పొట్ట మీది చర్మం పట్టి చూసి, ఎంత తాగాడని అడిగాడు. నేనే చెప్పాను. ఆయన నావైపు ఓసారి చూసి, నర్సుతో సరైన నీళ్ళు కలిపించాడు. రెండు గుక్కలకు ఒకసారి ఆగుతూ చెంచాతో పట్టమన్నాడు. పిల్లవాడు ఒంటేలు పోస్తే గండం గడిచినట్టేనన్నాడు, లేకపోతే వరంగల్లు తీసుకుపోవాలన్నాడు.

సరోజన కాసేపు పట్టాక చెంచా నేనడిగాను. ఆమె మొగిలి ముఖం చూసింది. పిల్లవాణ్ణి నా ఒళ్ళో పెట్టి చెంచా ఇచ్చింది. ఎండ వరండా దాటి గోడ ఎక్కేదాకా పట్టాను. పిల్లవాడు మొదట చెంచా కొరికాడు, తర్వాత నిద్రపోయాడు, మళ్ళీ లేచి తాగాడు. దీపాలు పెట్టేవేళకు నా పంచె వెచ్చగా తడిసింది.

"పోసిండు" అంది రాజమ్మ, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని. "సారు బట్టల మీదనే పోసిండు. మంచిగయింది." మొగిలి మొదటిసారి నవ్వాడు. ఆ రాత్రి వాళ్ళింటి అరుగు మీదే పడుకోమన్నాడు, తన పంచె ఒకటి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున పిల్లవాడు జావ తాగడం చూసి స్టేషన్‌కు వచ్చాను. రైలు పెట్టెలో నా మాట విన్నవాళ్ళు ఎన్ని ఊళ్ళలో దిగిపోయారో నాకు తెలియదు. ఆ దిగులుతోనే మధ్యాహ్నం దాకా ఆగి నిన్నటి బండే ఎక్కి, తెలిసిన ముఖాల కోసం వెతికాను. ఇంటికన్నె దగ్గర జామకాయల లచ్చమ్మ కనబడింది. నిన్న చెప్పింది తప్పని, నీళ్ళు లీటరని చెప్పాను. ఆమె గంప దించింది.

"నిన్న జెప్పింది మీరే, ఇయ్యాల మార్తాంది మీరే. రేపు మల్ల మారదా? గీ సైన్సోళ్ళు గిట్లనే మారుస్తరా?"

"వాళ్ళు మార్చలేదమ్మా. నేను సగం విని టీకి పోయాను."

"నేను నిన్న బండిల రెండు డబ్బాలోళ్ళకు జెప్పిన. కేసముద్రంల ఒకామెకు జెప్పిన. ఆమెకు నేను జెప్తగని, గీ బండిల మాత్రం మీరే జెప్పుండ్రి. తప్పు మీది, నా గొంతు పెట్టుకొని తిరుగుతరా?"

క్లాసు గది బయట నేను గొంతెత్తి మాట్లాడినవాణ్ణి కాను. పెట్టె మధ్యలో నిలబడ్డాను. పిల్లలకు విరేచనాలైతే నీళ్ళు ఆపవద్దని, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో చదునుగా అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల చక్కెర అని, తగ్గకపోతే వెంటనే దవాఖానకు పొమ్మని చెప్పాను. తర్వాతి స్టేషన్లో దిగి పక్క పెట్టె ఎక్కి అదే చెప్పాను. కొందరు విన్నారు, కొందరు కిటికీవైపు తిరిగారు. ఖమ్మం వచ్చే ముందు ఎక్కిన పెట్టెలో ఒక ముసలాయన జేబు తడుముకుంటూ, "మందు పొట్లం ఎంత బాబూ?" అని అడిగాడు.

"అమ్మడానికి రాలేదు తాతా. నిన్న ఇదే బండిలో తప్పు చెప్పాను" అన్నాను.

ఆయన జరిగి చోటిచ్చాడు. "అయితే నాకు మళ్ళీ చెప్పు, మెల్లగా" అన్నాడు. కూర్చుని, లీటరు నీళ్ళ దగ్గర మొదలుపెట్టాను.