ఎడపల్లి గానుగ దగ్గర నేను చెడగొట్టిన కడాయి

నిజామాబాద్‌లో మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పనిచేస్తాను. ఫోటోగ్రఫీ నాకెవరూ నేర్పలేదు. స్టూడియోల్లో అడిగితే, ముందు రెండేళ్ళు లైట్లు మోయి, తర్వాత చూద్దాం అన్నారు. ఆ మంటతోనే నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలు కట్టి, అపర్చర్ ఏమిటో షట్టర్ ఏమిటో చదువుకుని, సెకండ్ హ్యాండ్ డిజిటల్ కెమెరా కొన్నాను. లెన్స్ దగ్గరే బుద్ధి గడ్డి తిన్నది. హైదరాబాద్‌లో కోఠి షాపు పెద్దాయన అరచేతిలో పట్టే, జూమ్ లేని ఫిఫ్టీ లెన్స్ చూపించి, వెలుతురు తక్కువున్నా పనిచేస్తుంది, మనిషి దగ్గరికి వెళ్ళి మాట్లాడుతూ తీసుకోవచ్చు అన్నాడు. ఇంత చిన్నదా అనుకుని, రెండింతల డబ్బు పెట్టి మూరెడు జూమ్ తెచ్చుకున్నాను. నిజం చెప్పాలంటే ఫోటోల కోసం కాదు. మెడలో వేలాడుతుంటే ఆ స్టూడియో వాళ్ళు చూడాలని.

జనవరిలో చెరకు గానుగలు నడుస్తాయి. ఒక ఆదివారం పొద్దున ఐదున్నరకు బోధన్ బస్సెక్కాను. జానకంపేట దాటాక రెండు పక్కలా చెరకే. ఎడపల్లిలో దిగాను. టికెట్ పదకొండు రూపాయలు. అక్కడినుంచి లోపలి ఊరికి షేర్ ఆటోలో ఐదు రూపాయలు. ఆటో అన్న నా లెన్స్‌ను అద్దంలో చూస్తూనే ఉన్నాడు. చివరికి ఉండబట్టలేక, "దీంట్లకెళ్ళి సూస్తే బోధన్ల మా అత్తగారిల్లు కానొస్తదా అన్నా? కానొస్తే సెప్పు, గటు దిక్కు పోను" అన్నాడు. ఆటోలో అందరూ నవ్వారు. నేను గర్వపడ్డాను.

గానుగ ఊరి చివర, రేకుల షెడ్డులో. చెరకు పిప్పి పొగ, రసం ఆవిరి కలిసి లోపల పగలే మసకగా ఉంది. గానుగ పటేల్‌ది. ఫోటోలంటే మురిసిపోయి, ఎన్నైనా తీసుకోమన్నాడు. చెరకు రసం కాగే కడాయి దగ్గర నిలబడేది మాత్రం యోహాను తాత. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, నలభై ఏళ్ళుగా పాకం చూడటమే ఆయన పని. ఆయన కోడలు మరియమ్మ పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తోంది. అక్కడ గడియారం లేదు, కొలిచే సాధనం లేదు. ఉన్నవి తాత కళ్ళే. బుడగ సైజు, రంగు చూస్తాడు. తర్వాత ఒక చుక్క చన్నీళ్ళ గిన్నెలో వేసి, ముద్ద కట్టిందో లేదో చూసి "ఆపు" అంటాడు. ఆ మాటతో మరియమ్మ మంట తీస్తుంది, ఇద్దరు మనుషులు కడాయి వంచుతారు. నిమిషం ఆలస్యమైతే బెల్లం నల్లబడుతుంది. నల్లబెల్లమంటే గుడుంబా, అదే నాటుసారా, కాచే సరుకని పేరు. దారిలో ఎక్సైజు వాళ్ళు పట్టుకుంటారు, మంచి షావుకారు ముట్టడు.

తాత నాకు ఒక్కటే చెప్పాడు. "బిడ్డా, పాకం దగ్గరికొచ్చినంక నాతోని మాట్లాడకు. గంతే."

నేను మాట్లాడలేదు. కడాయికి ఇవతల నిలబడి జూమ్ పెట్టాను. అది వెలుతురు తక్కువ తీసుకునే లెన్స్. కెమెరా ఆటో మోడ్‌లో ఉంది కాబట్టి ఆ మసకకు ఫ్లాష్ దానంతటదే లేచింది. లేచిన సంగతి నాకు తెలుసు. ఆపే మీట ఎక్కడుందో కూడా తెలుసు. ఆపేలోపు, బుడగల మీదికి వంగిన తాత ముఖం చేజారుతుందేమోనని ఆపలేదు. వరసగా ఐదారు కొట్టాను. తాత చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. గిన్నెలో చుక్క వేసి, నీళ్ళలో దాన్ని వెతుక్కున్నాడు. ఇంకోటి కొట్టాను. ఆయన "ఆపు" అనేసరికి వాసన మారిపోయింది. అచ్చుల్లో పోసిన బెల్లం బొగ్గు రంగులో ఉంది.

పటేల్ అందరి ముందూ అరిచాడు. "కండ్లు పోయినయా ముసలోడా? రేపటి సంది నువ్వు రాకు. భీమ్‌గల్ నుంచి వేరేటోన్ని పిలిపిస్త." తాత గిన్నెలో చన్నీళ్ళు ఒలకబోసి, గిన్నె బోర్లించాడు. మరియమ్మ నా వైపు చూసింది. నేను రెండడుగుల దూరంలో నిలబడి, లెన్స్‌కు మూత పెట్టుకుంటున్నాను. స్టూడియో వాళ్ళ మీద, లోకం మీద అరిచే నోరు నాది. ఆ పూట అది లేవలేదు. పటేల్‌కు వెళ్ళొస్తానని చెప్పి మరీ బయటపడ్డాను.

బోధన్ వెళ్ళి హోటల్లో ఇడ్లీ ముందు పెట్టుకుని ఫోటోలు చూశాను. ఆవిరి మీద ఫ్లాష్ పడితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. అన్నీ తెలుపే. ఇడ్లీ అక్కడే వదిలేసి లేచాను. పన్నెండు గంటల బస్సుకు మళ్ళీ గానుగ దగ్గరికి వచ్చి, పటేల్ ఎదుట నిలబడి తప్పు నాదని చెప్పాను. "గప్పుడే నోరు తెరిస్తే ఏం పోతుండె నీది? భీమ్‌గల్‌కు ఫోన్ చేసిన. గాయన ఇల్లు కదిలి బస్సెక్కిండు. ఇగ నేనేం జెయ్యాలె?" అన్నాడు.

అక్కడినుంచి తాత ఇంటికి వెళ్ళాను. ఆదివారం కదా, ఆయన చర్చి నుంచి వచ్చి, తెల్ల చొక్కా విప్పకుండానే ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఫ్లాష్ వల్లేనని పటేల్‌కు ఎందుకు చెప్పలేదని అడిగాను. "నలభై ఏండ్లు పొయ్యి కాడ నిలబడ్డోన్ని. లైటు మెరిసింది, పాకం పోయిందని చెప్పుకుంటనా?" అన్నాడు. లోపలి నుంచి మరియమ్మ, "నువ్వన్న చెప్తవనుకున్న" అంది.

తాత ఫోటో చూపించమన్నాడు. వద్దనలేక కెమెరా ఇచ్చాను. ఆయన స్క్రీన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, తర్వాత దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు. తన కళ్ళనే అనుమానిస్తున్నాడని నాకు అర్థమైంది.

"గిండ్ల నేనేడున్న బిడ్డా?" అని అడిగాడు.

ఏ ఫోటోలోనూ పడలేదని, అది నా వల్లేనని, ఆయన కళ్ళు బాగానే ఉన్నాయని చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు. పొద్దున దారిలో తీసిన చెరకు చేల ఫోటోలు బాగానే వచ్చాయి, ఇక్కడ పెట్టడం లేదు. ఇది రాసి తప్పు కడుక్కుందామనీ కాదు. నిజం చెప్పడానికి నాకు బోధన్ దాకా పోయి రావాల్సినంత సేపు పట్టింది. ఒక మనిషి పని పోవడానికి అంత సేపు కూడా పట్టలేదు. మీరు గానుగలు చూడటానికి వెళ్తే పొద్దున ఏడులోపు చేరండి, తొలి కడాయి అప్పుడే దిగుతుంది. వెలుతురు బాగా తీసుకునే చిన్న లెన్స్ పెట్టుకోండి. షెడ్డు గడప దాటకముందే ఫ్లాష్ మూసేసి, ఒకసారి మీ ముఖం మీదే కొట్టుకుని ఆగిందో లేదో చూసుకోండి.